నీడలు చదివే బడి

మన ఇళ్ళల్లో బీరువా మీదో, పరుపు కిందో ఒక పెద్ద కవరు వుంటుంది. మూల మీద ఆస్పత్రి పేరు, మధ్యలో పెన్నుతో రాసిన మనిషి పేరూ, వయసూ. అందులో తాతగారి ఊపిరితిత్తులుంటాయి. లేకపోతే సైకిలు మీంచి పడ్డ పిల్లాడి మోచెయ్యి వుంటుంది. ఆ కవరు పారెయ్యడానికి ఎవరికీ చేతులు రావు. అలాగని విప్పి చూసేవాళ్ళూ వుండరు. సూర్యగ్రహణం రోజున మాత్రం పిల్లలు దాన్ని లాక్కుని డాబా మీదికి పరుగెత్తుతారు. అలా చూడ్డం కళ్ళకి హాని అని డాక్టర్లు మొత్తుకుంటూనే వుంటారు, అది వేరే సంగతి.

పరామర్శకి వచ్చినవాళ్ళు ఆ ఫిల్ముని కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకుని, కళ్ళు చికిలించి, "అవునవును, ఇక్కడేదో మచ్చలా వుంది" అంటారు. వాళ్ళు చూపించే చోట చాలాసార్లు గుండె వుంటుంది! అదే ఫిల్ముని డాక్టరుగారు లైటు పెట్టె మీద తగిలించి, అర నిమిషం చూసి, "కుడివైపు కింద నెమ్ము చేసిందండీ" అంటారు. ఫిల్ము ఒక్కటే. కళ్ళు అందరికీ రెండే. మరి ఆయనకి కనబడింది మనకెందుకు కనబడలేదు?

ఎందుకంటే అక్కడున్నది నీడ. నీడని చూడ్డం వేరు, చదవడం వేరు. తమిళం రానివాళ్ళకి తమిళ పత్రిక ముందు పెడితే సున్నాలూ వంకరలూ కనబడతాయి. వచ్చినవాళ్ళకి కథ కనబడుతుంది. ఇదీ అంతే. ఆ లిపిని ఎవరో కూర్చోబెట్టి నేర్పాలి.

బి.ఏ. చదివి, నవలలు రాసుకునేదానికి ఈ ఎక్స్‌రేల గొడవ ఎందుకంటారా? నాకు యంత్రాల మీద ఆసక్తి లేదు. ఒక చదువు ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా అందుతుందన్నదాని మీద మాత్రం చాలా ఆసక్తి వుంది. వంట అత్తగారి నుంచి కోడలికి, వీణ గురువు నుంచి శిష్యురాలికి అందినట్టే, నీడలు చదివే విద్య కూడా చేతులు మారుతూ వచ్చింది. ఇవాళ అది కంప్యూటర్ల మీదుగా, ఫోన్ల మీదుగా ఇళ్ళల్లోకి వచ్చేసింది. "ఆన్‌లైన్‌లో వైద్యం నేర్చుకోవడమేమిటి, చోద్యం కాకపోతే" అని ముక్కున వేలేసుకునేవాళ్ళున్నారు. కానీ ఈ చదువు పుట్టడమే దూరవిద్యగా పుట్టిందని తెలిస్తే ఆ వేలు తీసేస్తారేమో.

జర్మనీలో వూర్ట్స్‌బర్గ్ అనే ఊళ్ళో విల్‌హెల్మ్ రాంట్‌జన్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడుండేవాడు. ప్రయోగశాల కింద, కాపురం పైన. 1895 నవంబరు 8వ తేదీ సాయంత్రం, చీకటి గదిలో, నల్ల అట్టతో కప్పేసిన గాజుగొట్టంలోంచి ఏదో కిరణం బయటికొచ్చి దూరంగా వున్న తెరని వెలిగించడం చూశాడు. ఇక ఆయనకి తిండీ నిద్రా లేవు. వారాల తరబడి కిందే వుండిపోయాడు. పై అంతస్తులో వున్న భార్య ఆనా బెర్తా పరిస్థితి ఏమిటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. భోజనానికి రండి అని కబురు పంపడం, చల్లారిన కూర మళ్ళీ వెచ్చపెట్టడం ఏ దేశంలోనైనా ఒకటే కదా!

డిసెంబరు 22న ఆయన భార్యని కిందికి పిలిచి, ఆవిడ చెయ్యి ఫొటో పలక మీద పెట్టించి, ఆ కిరణాలు ప్రసరింపజేశాడు. వేళ్ళ ఎముకలూ, ఒక వేలికి వున్న ఉంగరమూ నల్లగా వచ్చాయి. మాంసం పొగమంచులా పలచబడిపోయింది. బతికున్న మనిషి అస్థిపంజరాన్ని కోతా కత్తీ లేకుండా లోకం చూడ్డం అప్పుడే మొదలు.

ఆ తరవాత ఆయన చేసిన పని చూడండి. చిన్న వ్యాసం రాసి అచ్చు వేయించి, 1896 జనవరి 1న, అంటే కొత్త సంవత్సరం శుభాకాంక్షలు పంపుకునే రోజున, ఫొటోలతో సహా తోటి శాస్త్రజ్ఞులకి పోస్టు చేశాడు. ఆ ఫొటోల్లో బెర్తా చెయ్యి కూడా వుంది. జనవరి 5న వియన్నా పత్రికలో వార్త వచ్చేసింది. ఆ నెలలోనే యూరప్ అంతా, అమెరికా అంతా ఆ చేతి గురించే మాటలు. 23వ తేదీన ఆయన తన ఊరి శాస్త్రజ్ఞుల సంఘంలో ఉపన్యాసమిచ్చి, అందరి ఎదుటా కెలికర్ అనే పేరు మోసిన శరీరశాస్త్రవేత్త చేతిని ఫొటో తీసి చూపించాడు. దీన్ని రేడియాలజీలో మొదటి తరగతి అనొచ్చు. కానీ అంతకు మూడు వారాల ముందే పాఠం పోస్టులో వెళ్ళిపోయింది! గురువు ఒకచోట, శిష్యులు దేశదేశాల్లో, మధ్యన ఒక కవరూ, ఒక బొమ్మ.

ఇంకో విశేషం కూడా వుంది. ఆ కిరణాల మీద ఆయన పేటెంటు తీసుకోలేదు. 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి వస్తే ఆ డబ్బు విశ్వవిద్యాలయానికి ఇచ్చేశాడు. అంటే ఈ విద్యకి పునాదిలోనే పంచిపెట్టడం అనే గుణం పడింది.

అయితే కిరణాలు పంచుకున్నంత తొందరగా జ్ఞానం పంచుకోవడం కుదరలేదు. గురువులేని విద్య గుడ్డి విద్య అంటారు మనవాళ్ళు. ఇక్కడ అది ప్రాణాంతకమైన విద్య అయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎలిజబెత్ ఫ్లైష్‌మన్ అనే అమ్మాయి వుండేది. ఇంటి పరిస్థితి బాగాలేక హైస్కూలు చదువు మానేసి, లెక్కలు రాసే ఉద్యోగంలో చేరింది. 1896లో రాంట్‌జన్ వార్త విని, విద్యుచ్ఛక్తి గురించి ఆరు నెలలు చదువుకుని, సొంతంగా ఎక్స్‌రే గది తెరిచింది. యుద్ధంలో గాయపడి వచ్చిన సిపాయిల ఒంట్లో తూటాలు ఎక్కడున్నాయో ఆమె తీసిన బొమ్మలు చెప్పేవి. మిలిటరీ డాక్టర్లే ఆమె పనికి జోహార్లన్నారు. కానీ ఆ కిరణాలు చేతులు కాల్చేస్తాయని, లోపల పుండు పెడతాయని ఆమెకి చెప్పేవాళ్ళు లేరు. ఎవరికైనా తెలిస్తే కదా! ముందు చెయ్యి తీసేయవలసి వచ్చింది. 1905లో ప్రాణమే పోయింది. అప్పటికి ఆమెకి నలభై ఏళ్ళు కూడా నిండలేదు. జర్మనీలో హాంబర్గ్ నగరంలో ఇలా కిరణాలకి బలైనవాళ్ళ పేర్లతో ఒక స్మారక స్తంభం వుంది. 1936లో దాన్ని నిలబెట్టినప్పుడే 169 పేర్లు చెక్కారు. పాఠం చెప్పేవాళ్ళు లేక ఎవరికి వాళ్ళు నేర్చుకున్న చదువుకి కట్టిన రుసుము అది.

ఇక చెప్పి నేర్పిన చదువు సంగతి చూద్దాం. దానికి ముందు ఒక్కసారి పోలండ్ వెళ్ళాలి. పందొమ్మిదో శతాబ్దం చివర వార్సా నగరం రష్యా చక్రవర్తి ఏలుబడిలో వుండేది. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆడవాళ్ళకి ప్రవేశం లేదు. అందుకని చదువుకోవాలన్న ఆడపిల్లలు రహస్యంగా ఒకరింట్లో ఒకసారి, ఇంకొకరింట్లో ఇంకోసారి చేరి పాఠాలు చెప్పించుకునేవారు. పోలీసుల కంట పడకుండా చోటు మారుస్తూ వుండేవారు కనక దానికి 'ఎగిరే విశ్వవిద్యాలయం' అని పేరొచ్చింది. భవనం లేదు, గంట లేదు, పట్టా లేదు. ఆ పాఠాలు విన్న అక్కచెల్లెళ్ళలో ఒకమ్మాయి బ్రోన్యా, రెండోది మరియా. అక్క పారిస్ వెళ్ళి డాక్టరు చదవడానికి చెల్లెలు ఇళ్ళల్లో పిల్లలకి చదువు చెప్పే ఉద్యోగం చేసి డబ్బు పంపింది. ఆ తరవాత 1891లో తనూ పారిస్ చేరింది. ఆ చెల్లెల్నే లోకం మేరీ క్యూరీ అంటుంది.

రేడియం కనిపెట్టిన మేరీ క్యూరీని మనం స్కూలు పుస్తకాల్లో చదువుకున్నాం. పాఠాలు చెప్పిన మేరీ క్యూరీ గురించి చదివింది తక్కువ. 1914లో యుద్ధం వచ్చేసరికి గాయపడ్డ సిపాయిలు ఒకచోట, ఎక్స్‌రే యంత్రాలు పెద్ద నగరాల్లో ఇంకోచోట. రెండు నోబెల్ బహుమతులు పుచ్చుకున్న ఆవిడ, మోటారు బండ్లలో ఎక్స్‌రే సామాను ఎక్కించి, యుద్ధరంగం దగ్గరికే పంపడం మొదలెట్టింది. ఆవిడ కూడా కారు నడపడం నేర్చుకుంది. అలాంటి బండ్లు ఇరవై దాకా తయారు చేసింది. రెండువందల చోట్ల ఎక్స్‌రే గదులు పెట్టించింది.

బండ్లు సరే, నడిపేవాళ్ళేరీ? మగవాళ్ళంతా యుద్ధంలో వున్నారు. అప్పుడావిడ ఆడవాళ్ళకి బడి పెట్టింది. కూతురు ఐరీన్‌ని తోడు పెట్టుకుని విద్యుత్తు, ఎక్స్‌రే, శరీర నిర్మాణం ఇవన్నీ కొద్ది వారాల్లోనే బోధించి, చేత్తో చేయించి, పనిలోకి పంపింది. యుద్ధం ముగిసేలోగా అలా తయారైనవాళ్ళు సుమారు 150 మంది. బడి మొదలెట్టేనాటికి ఐరీన్‌కి ఇరవై కూడా నిండలేదు. వార్సాలో ఎవరింట్లోనో నేల మీద కూర్చుని దొంగచాటుగా పాఠం విన్న పిల్ల, తనకి అధికారం వచ్చిన రోజున గేట్లు బార్లా తెరిచింది. అయితే తల్లీకూతుళ్ళు కూడా కిరణాల బాకీ తీర్చక తప్పలేదు. మేరీ 1934లోనూ, ఐరీన్ 1956లోనూ రక్తానికి సంబంధించిన జబ్బులతో పోయారు.

యుద్ధం అయ్యాక ఈ విద్య ఆస్పత్రి గోడల మధ్య స్థిరపడింది. పాఠం ఎలా జరిగేదంటే, లైటు పెట్టె మీద ఫిల్ములు వరసగా తగిలించేవారు. గురువుగారు కుర్చీలో, శిష్యులు వెనకాల. "ఏం కనబడుతోంది?" అని ఆయన అడగడం, వీళ్ళు తడబడ్డం. అమెరికాలో సిన్సినాటిలో బెంజమిన్ ఫెల్సన్ అనే ఆచార్యుడు ఇలాంటి పాఠానికి పేరు మోశాడు. 1950లో అన్నదమ్ములిద్దరూ కలిసి రాసిన వ్యాసంలోని సంగతి ఇవాళ్టికీ ప్రతి వైద్య విద్యార్థీ నేర్చుకుంటాడు. అదేమంత బ్రహ్మవిద్య కాదు, మనకీ అర్థమవుతుంది. ఎక్స్‌రేలో గుండె తెల్లగా, గాలి నిండిన ఊపిరితిత్తి నల్లగా వుంటుంది. నలుపు పక్కన తెలుపు కనక గుండె అంచు స్పష్టంగా తెలుస్తుంది. గుండెని ఆనుకున్న చోట ఊపిరితిత్తిలో నెమ్ము చేరితే అదీ తెల్లబడుతుంది. అప్పుడు గుండె అంచు మాయమవుతుంది. నల్ల గుడ్డ మీద తెల్ల దారంతో కుట్టిన పువ్వు కనబడుతుంది, తెల్ల గుడ్డ మీద కనబడదు కదా? అంతే సూత్రం. ఏ అంచు మాయమైందో చూస్తే జబ్బు ఎక్కడుందో తెలిసిపోతుంది. అంటే ఈ చదువులో వున్నదాన్ని చూడ్డమే కాదు, లేనిదాన్ని కూడా చూడగలగాలి.

ఇలాంటి చూపు ఒక ఫిల్ముతో రాదు, వేల ఫిల్ములు చూడాలి. వేల ఫిల్ములు పెద్ద ఆస్పత్రుల్లోనే వుంటాయి. అందుకని చదువు కావాలన్నవాళ్ళు ఊరు వదలాలి. మన దక్షిణాదిలో మద్రాసు జనరల్ ఆస్పత్రిలో 1934లో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ వెలిసింది. అప్పుడు మన కోస్తా, సీమ జిల్లాలు మద్రాసు రాజధానిలోనే వుండేవి. ఈ విద్య కావాలంటే మనవాళ్ళు మద్రాసు మెయిలెక్కాల్సిందే. వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళారు. వెళ్ళలేనివాళ్ళు, అంటే పెళ్ళయినవాళ్ళు, పిల్లలున్నవాళ్ళు, చేతిలో డబ్బులేనివాళ్ళు, వాళ్ళ సంగతి ఏ చరిత్ర పుస్తకంలోనూ వుండదు.

ఫిల్ము ఊరు దాటాలంటే మళ్ళీ పోస్టులోనే వెళ్ళాలి. నీడ దానంతట అది ప్రయాణం చెయ్యడం నేర్చుకున్నది ఎప్పుడంటే, అంకెలుగా మారినప్పుడు. 1971 అక్టోబరు 1న లండన్ నగరపు వింబుల్డన్ ప్రాంతంలో ఒక ఆస్పత్రిలో, తలలో కంతి వుందని అనుమానించిన ఒక స్త్రీకి మొట్టమొదటి సీటీ స్కాన్ తీశారు. ఆ యంత్రాన్ని తయారుచేసిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్, గ్రామఫోను రికార్డుల మూలాన మనందరికీ తెలిసిన ఇ.ఎం.ఐ. కంపెనీ ఇంజనీరు. ఆ మొదటి బొమ్మలో అడ్డంగా 80, నిలువుగా 80 గళ్ళు. సంక్రాంతికి మనం ముగ్గుకి చుక్కలు పెట్టుకున్నట్టే! ఒక్కో గడికి ఒక్కో అంకె. అంకెని బట్టి నలుపో, తెలుపో, బూడిద రంగో. బొమ్మంటే అంకెల పట్టిక అయ్యాక దాన్ని తీగ మీద పంపడం ఎంతసేపు? 1979లో ఆయనకీ, అంతకు ముందే విడిగా ఆ లెక్కలు కట్టిన అలెన్ కార్మాక్‌కీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఆ తరవాత ఒక చిక్కొచ్చింది. ఒక కంపెనీ యంత్రం తీసిన బొమ్మ ఇంకో కంపెనీ యంత్రానికి అర్థం కాదు. ఏ ఇంటి తాళం చెవి ఆ ఇంటిదే. డాక్టర్లూ, కంపెనీలవాళ్ళూ కూర్చుని అందరికీ పనికొచ్చే ఒక పద్ధతి రాసుకున్నారు. 1985లో మొదటి రూపం వచ్చింది, 1993కి అది 'డైకామ్' అనే పేరుతో స్థిరపడింది. ఇవాళ ఏ ఊళ్ళో తీసిన స్కాన్ ఇంకే ఊళ్ళో తెరిచినా తెరుచుకుంటోందంటే దాని పుణ్యమే. మన చిత్తూరు జిల్లా అరగొండ గ్రామంలోని అపోలో ఆస్పత్రిని ఉపగ్రహం ద్వారా నగరంలోని డాక్టర్లతో కలిపారు. ఆ ఏర్పాటుని 2000 మార్చిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ప్రారంభించారు. రోగి పల్లెలో, నీడ పట్నంలో.

నీడ రోగి కోసం ప్రయాణం చేసినప్పుడు విద్యార్థి కోసం ఎందుకు చెయ్యకూడదు? 2005 చివర ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌కి చెందిన ఫ్రాంక్ గెయిలార్డ్ అనే డాక్టరు, ఇంకా రేడియాలజీ శిక్షణలో వుండగానే, 'రేడియోపీడియా' అని ఒక ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలెట్టాడు. ఎవరైనా డబ్బు కట్టకుండా చదువుకోవచ్చు. డాక్టర్లు తమ దగ్గరికొచ్చిన కేసుల బొమ్మల్ని, రోగి పేరూ ఊరూ తీసేసి, అందులో పెడతారు. సంపాదకులు సరిచూస్తారు. మద్రాసు మెయిలు ఎక్కలేకపోయిన అమ్మాయికి మద్రాసే కాదు, మెల్‌బోర్న్ కూడా ఇంటికొచ్చినట్టయింది.

మా అక్క కూతురు ఒకతి ఈ విద్యే చదివింది. ఇప్పుడు చిన్న పట్నంలో, ఏడాది పిల్లని చంకనేసుకుని, ఆస్పత్రి పని చూసుకుంటూ, రాత్రిళ్ళు ఇంకా పైచదువు చదువుతోంది. ఒకసారి కంప్యూటరు ముందు నన్ను కూర్చోబెట్టి, "పిన్నీ, ఇందులో ఏం కనబడుతోందో చెప్పు" అంది. ఊపిరితిత్తులు పొరలు పొరలుగా, ఉల్లిపాయ చక్రాల్లా, ఒకదాని వెనక ఒకటి కదులుతున్నాయి.

"ఇదిగో, ఇక్కడ తెల్లగా చుక్కుంది" అన్నాను గర్వంగా.

"అది రక్తనాళం పిన్నీ. అయినా ఫరవాలేదు. నువ్వు ఒకటి కనబడగానే ఆగిపోయావు చూడు, అందరూ చేసే తప్పే అది. మాకు మొదట నేర్పేది ఆగకుండా వుండడమే."

అప్పుడు నాకో కథ చెప్పింది. కథ కాదు, నిజమే. అమెరికాలో మనస్తత్వ శాస్త్రజ్ఞులు 24 మంది రేడియాలజిస్టులకి ఊపిరితిత్తుల స్కాన్లు చూపించి, చిన్న చిన్న కణుతులు వెతకమన్నారు. ఆఖరి స్కాన్‌లో, మామూలు కణితికి 48 రెట్లుండే ఒక గొరిల్లా బొమ్మని ఇరికించారు. ఇరవై మందికి ఆ గొరిల్లా కనబడలేదు! 2013లో అచ్చయిన ప్రయోగమిది. వాళ్ళంతా చేయి తిరిగినవాళ్ళే. చాలామంది కళ్ళు గొరిల్లా మీదుగానే వెళ్ళాయి. మనసు కణితిని వెతుకుతోంది కనక గొరిల్లా దానికి అక్కర్లేకపోయింది. ఎదురుగా వున్న కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతికే మన ఇంటాయన మీద నాకు ఆ రోజు నుంచి కొంచెం జాలి పుట్టింది.

2020 వచ్చింది. ఆ జనవరి, ఫిబ్రవరి నెలల్లో చైనాలోని వూహాన్ డాక్టర్లు తమ రోగుల ఊపిరితిత్తుల స్కాన్లు పత్రికల్లో ప్రచురించారు. బాత్‌రూం కిటికీకి పెట్టే గరుకు అద్దం వుంటుందే, వెలుతురు వస్తుంది కానీ మనిషి కనబడడు, ఊపిరితిత్తుల్లో అంచుల వెంట అలాంటి మసక. కొత్త జబ్బు మన ఊళ్ళకి వచ్చేలోగానే దాని నీడ వచ్చి చేరింది. 1896 జనవరిలో బెర్తా చెయ్యి పోస్టులో వెళ్ళినట్టు, 2020 జనవరిలో పేరు తెలియని మనుషుల ఊపిరితిత్తులు కంప్యూటర్లలో వెళ్ళాయి.

మార్చి 25 నుంచి మన దేశమంతా తలుపులు వేసుకుంది. వైద్య కళాశాలల తరగతులు ఫోన్లలోకి వచ్చాయి. చికాగోలో ఏటా జరిగే ప్రపంచ రేడియాలజీ సభ కూడా ఆ ఏడు పూర్తిగా ఎవరిళ్ళల్లోంచి వాళ్ళు చూసేలాగే జరిగింది. అప్పుడు మా అమ్మాయి పీజీ రెండో ఏడు. పగలంతా కోవిడ్ వార్డులో డ్యూటీ, రాత్రి తొమ్మిదింటికి హాస్టలు గదిలో మంచం మీద కూర్చుని పాఠం. "ఎక్కడెక్కడి పెద్ద పెద్దవాళ్ళు పాఠం చెప్పారు పిన్నీ. మామూలు రోజుల్లో అయితే వాళ్ళ మొహం చూడ్డానికి విమానం టిక్కెట్టు కొనాల్సొచ్చేది" అంది.

"అయితే ఇక కాలేజీలు మూసెయ్యొచ్చన్నమాట" అన్నాను.

"మూస్తే చచ్చామే!" అంది. ఆ చావు ఎందుకో కూడా చెప్పింది. గర్భంలో వుండి పద్మవ్యూహం కథ విన్న అభిమన్యుడి సంగతి మనకి తెలుసు కదా. లోపలికి వెళ్ళడం విన్నాడు, బయటికి రావడం వినేలోపల పాఠం ఆగిపోయింది. సిగ్నల్ పోయిన క్లాసన్నమాట! సెల్‌ఫోన్ తెర మీద సన్నని గీత కనబడదు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరితే వచ్చే గీత వెంట్రుకంత వుంటుంది, అది కనబడకపోతే ప్రాణం మీదికొస్తుంది. అల్ట్రాసౌండ్ చెయ్యడం, సూది పెట్టి కణితిలోంచి ముక్క తియ్యడం, ఇవి చేతి పనులు. పూరీ ఒత్తడం టీవీలో చూసి నేర్చుకుంటే ఎలా వస్తుందో ఇదీ అలాగే వస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటి. పాతరోజుల్లో గురువు ఫిల్ముతో పాటు శిష్యుడి కళ్ళని కూడా చూసేవాడు. వీడి చూపు ఎక్కడాగిందో, ఏ మూలని వదిలేసిందో పట్టేసేవాడు. తెర మీద గురువుకి కనబడేది పేర్లు రాసిన నల్ల గళ్ళు.

కాబట్టి పాఠం ఇంటికి రావచ్చు, పని మాత్రం పక్కన నిలబడి నేర్చుకోవాలి. మేరీ క్యూరీ బడిలో కూడా పాఠమూ, చేతిపనీ రెండూ వున్నాయి కనకే 150 మందీ యుద్ధరంగంలో నిలబడగలిగారు.

ఇంతవరకూ గురువుల గురించీ శిష్యుల గురించీ చెప్పుకున్నాం. మూడో మనిషి ఒకరున్నారు. ఆ నీడ ఎవరిదో వాళ్ళు.

బెర్తా చెయ్యి ప్రపంచమంతా చూసింది. ఆవిడ మొహం ఎలా వుంటుందో ఎందరికి తెలుసు? అయినా భర్త గొప్పవాడు కనక పేరైనా మిగిలింది. వింబుల్డన్‌లో మొదటి స్కాన్ తీయించుకున్న స్త్రీని మనం 'ఒక స్త్రీ' అనే అంటున్నాం. ఆ తరవాత లక్షల మంది నీడలు పాఠాలయ్యాయి. పేరు తీసేస్తారు, ఊరు తీసేస్తారు, తేదీ తీసేస్తారు. అంతటితో సరిపోయిందా అంటే, 2019లో అమెరికాలో మేయో క్లినిక్ వాళ్ళు చేసిన పరీక్ష వినండి. 84 మంది ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటే వాళ్ళ తల ఎం.ఆర్.ఐ. స్కాన్ల నుంచి మొహాలు తయారుచేసి, మామూలు ఫొటోలతో పోల్చమని కంప్యూటరుకి ఇచ్చారు. 70 మందిని సరిగ్గా పట్టేసింది. పేరు చెరిపేసినా మొహం స్కాన్‌లోనే దాక్కుని వుందన్నమాట. అందుకే ఇప్పుడు పద్ధతి తెలిసినవాళ్ళు పాఠానికి పెట్టే స్కాన్లలో మొహం భాగాన్ని కూడా చెరిపేస్తున్నారు. పద్ధతి తెలియనివాళ్ళు ఫిల్ము మీద పేరుతో సహా సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి, "చూడండి, ఎంత విచిత్రమైన కేసో" అని పదిమందికి పంపిస్తున్నారు. మన దేశంలో సొంత సమాచారాన్ని కాపాడే చట్టం 2023లో వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన అలవాటు వస్తుందా?

ఇది ఆడవాళ్ళం మనం ప్రత్యేకంగా పట్టించుకోవలసిన విషయం. రొమ్ములో గడ్డ అయితేనేం, గర్భసంచిలో కంతి అయితేనేం, ఇంట్లోవాళ్ళకి చెప్పుకోవడానికే నెల్లాళ్ళు ఆలోచిస్తాం. అలాంటి మన నీడ ఊరూరా తిరుగుతుందంటే గుండె గుభేలుమంటుంది. అలాగని ఎవరూ ఇవ్వనంటే? రేపు మన కూతురి స్కాన్ చూసే డాక్టరు అలాంటి నీడని అంతకుముందు ఎన్నడూ చూసి వుండడు. గొరిల్లా పక్కనుంచే దాటిపోతాడు.

మా అమ్మాయిని అడిగాను, "ఇంతమంది బొమ్మలు చూస్తారే, వాళ్ళని అడుగుతారా?" అని. "పేరు లేకుండా పాఠానికి వాడుకోవచ్చా అని ఒక కాయితం మీద సంతకం పెట్టిస్తాం పిన్నీ. చాలామంది చదవకుండానే పెట్టేస్తారు. ఒకావిడ మాత్రం, నా బొమ్మ చూసి ఇంకో ఆడదాని జబ్బు ముందే పట్టుకుంటారా అమ్మా, అనడిగింది. పట్టుకోవచ్చమ్మా అన్నాను. అయితే రెండు తీసుకో అంది" అని నవ్వింది. నవ్విందే గానీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

విద్యాదానం అన్ని దానాల్లోకీ గొప్పదని మన పెద్దలు అన్నారు. ఆ పుణ్యమంతా గురువుగారి ఖాతాలో వేశారు. ఈ చదువు చరిత్ర చూశాక నాకు తోస్తున్నదేమిటంటే, ఇందులో మొదటి దాత గురువు కాదు, రోగి. గురువు రెండో దాత. రాంట్‌జన్ పేటెంటు వదులుకున్నది గొప్పే, కానీ అంతకన్నా ముందు ఒకావిడ, చేస్తున్న పని వదిలి కిందికొచ్చి, చల్లని పలక మీద చెయ్యి ఆన్చి కదలకుండా కూర్చుంది.

ఈసారి ఆస్పత్రిలో అలాంటి కాయితం మీ ముందు పెడితే కళ్ళజోడు పెట్టుకుని చదవండి. పేరు తీస్తారా, మొహం తీస్తారా, ఎవరు చూస్తారు అని అడగండి. అడగడం మన హక్కు. జవాబు నచ్చితే సంతకం పెట్టండి. నచ్చకపోతే మానెయ్యండి. దానం అడిగి పుచ్చుకోవలసిందే గానీ లాక్కోవలసింది కాదు.